రెండువందల పన్నెండో నంబరు ఒరుగులు

వనపర్తిలో తిరుపతయ్య ఇల్లెక్కడ అని అడిగితే ఏ తిరుపతయ్య అని ఎదురడుగుతారు. కుక్కగొడుగుల తిరుపతయ్య అంటే మాత్రం కాలేజీ గేటు ముందరి చాయ్ బండివాడు కూడా చేతిలో గ్లాసు కింద పెట్టి మరీ దారి చూపిస్తాడు. ఆ పేరు ఆయన పెట్టుకున్నది కాదు, అంటుకున్నది. ఆయన భార్య ఈదమ్మకు ఆ పేరు అస్సలు గిట్టదు. కూతురి పెళ్లిలో ఎవరో పెద్దమనిషి మైకు పట్టుకుని, కుక్కగొడుగుల తిరుపతయ్యగారు ఎక్కడున్నా మండపం దగ్గరికి రావాలని పిలిచినప్పుడు ఆమె తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పూలబుట్టలో పెట్టుకున్నంత పని చేసింది.

తిరుపతయ్యది పెద్దమందడి. వయసు అరవై. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం ల్యాబుకు అటెండరు. రిటైరు కావడానికి ఇంకా ఏడు నెలలుంది. పందొమ్మిదేళ్లుగా ఆయన చెట్ల మాన్లకు పుట్టే పుట్టగొడుగులను కోసుకొచ్చి, ఎండబెట్టి, నంబరు వేసి, ల్యాబులో ఒక ఇనుప బీరువాలో దాస్తున్నాడు.

పుట్టగొడుగు అనగానే వానకు నేలలోంచి లేచే తెల్లగొడుగు గుర్తుకొస్తుంది. ఇవి అవి కావు. ఎండిన మానుకో, చచ్చుబడిన కొమ్మకో, గోడకు కొట్టిన చెక్కబల్లలాగా అడ్డంగా అతుక్కుని పెరుగుతాయి. కొన్ని అట్టముక్కంత పల్చన, కొన్ని జొన్నరొట్టెలు నాలుగు దొంతి పెట్టినంత మందం. పైన చారలు చారలుగా ఉంటాయి. తిప్పి చూస్తే పిండి జల్లెడలాగా సన్నటి రంధ్రాలు. కూరకు పనికిరావు, పశువులు ముట్టవు. అందుకని వాటి జోలికి ఎవరూ పోరు, తిరుపతయ్య తప్ప.

చెట్టు దగ్గర ఆయన పని చూస్తే ఎవరికైనా అనుమానం రావలసిందే. ముందు చెట్టు చుట్టూ రెండుసార్లు తిరుగుతాడు. టేపుతో మాను చుట్టుకొలత తీస్తాడు. నేల నుంచి ఎంత ఎత్తులో పుట్టిందో కొలుస్తాడు. ఫోన్లో ఫొటో తీసి, చీటీ మీద నంబరు రాస్తాడు. ఆ తర్వాతే సంచిలోంచి ఉలి, సుత్తె బయటికి వస్తాయి. ఒకసారి కొత్తకోట దారిలో ఒక వేపచెట్టును ఇట్లా కొలుస్తుంటే, రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చిన ఆఫీసరనుకుని ఒక ముసలమ్మ పరుగెత్తుకొచ్చి, ఆ నీడకే ముప్పై ఏళ్లుగా కూరగాయలమ్ముతున్నానని, దాన్ని వదిలెయ్యమని చేతులు పట్టుకుంది. తను ఆఫీసరు కాదు, అటెండరునని ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి సరే పో, వదిలేస్తున్నా అని మాటిచ్చి బయటపడ్డాడు. ఇప్పటికీ ఆ దారిన బస్సులో పోయినప్పుడల్లా కిటికీలోంచి మెడ చాచి చెట్టు ఉందా లేదా అని చూసుకుంటాడు. లేకుంటే తన మాట పోతుంది కదా.

ఈ పనిలోకి ఆయనను దింపింది రాధ మేడం. వృక్షశాస్త్రం చెబుతుంది. ఆమె మధ్యలో రెండుసార్లు బదిలీ అయి తిరిగి వచ్చింది గానీ, తిరుపతయ్య మాత్రం బీరువాను వదిలి కదల్లేదు. మొదట్లో ఆమె ఆయనకు ఒక్కటే మాట చెప్పింది. కోసింది ఎంత మంచిదైనా సరే, ఎక్కడ కోశామో రాయకపోతే అది చెత్త కిందే లెక్క. రేపు మనం లేకున్నా ఇంకొకరు ఆ చీటీ పట్టుకుని ఆ చెట్టు దగ్గరికి పోగలగాలి. తిరుపతయ్య ఆ మాటను ప్రాణం కంటే ఎక్కువగా పట్టుకున్నాడు. ఆయన రిజిస్టరు తెరిస్తే ఇట్లా ఉంటుంది: "పెద్దమందడి తోవ, మూడో కల్వర్టు దాటినంక ఎడమ చెయ్యి దిక్కు తుమ్మచెట్టు, రెండు కొమ్మలది కాదు, దాని వెనకది." మేడం చదివి నవ్వి, పక్కన ఫోన్లో చూసి అక్షాంశం రేఖాంశం రాసేది. అయినా చెట్టు దొరకాలంటే తిరుపతయ్య రాసిందే చదవాలని ఆమెకూ తెలుసు.

ఆ రిజిస్టరులో రెండువందల ఇరవైఎనిమిది నంబర్లున్నాయి. ఒక్కటీ పోలేదు. ఒకదానికీ పురుగు పట్టలేదు. రిటైరయ్యే రోజు కొత్తగా వచ్చే అటెండరుకు రిజిస్టరు అప్పజెప్పి, అన్నీ సరిపోయినయ్ అని సంతకం పెట్టించుకోవాలని ఆయన కోరిక. ఇంకే సన్మానం అక్కర్లేదు. శాలువాలు ఇంట్లో ఇప్పటికే మూడున్నాయి, ఈదమ్మ వాటితో మిక్సీకి, టీవీకి, కుట్టుమిషనుకు కప్పింది.

వీటిలో రెండువందల పన్నెండో నంబరు సంగతి వేరు. కిందటి ఆగస్టులో లింగాల దగ్గర మల్లయ్య అనే రైతు చేను గట్టున, గాలివానకు పడిపోయిన నల్లమద్ది మొద్దు మీద దొరికింది. అరచెయ్యంత వెడల్పు, రెండువేళ్ల మందం. పైన బెల్లం రంగు, అంచున పసుపు. అట్లాంటిది అంతకుముందు ఆయన చూడలేదు. మేడం కూడా పుస్తకాలన్నీ తిరగేసి తెల్వదు తిరుపతయ్యగారూ అని ఒప్పుకుంది. అంత మందమైనది అట్లాగే ఉంచితే ఎండదు, లోపల కుళ్లిపోతుంది. అందుకని దాన్ని తొమ్మిది పొడుగాటి ముక్కలుగా కోసి ఎండబెట్టారు. ఫొటోలు బెంగుళూరులో ఒక శాస్త్రజ్ఞుడికి పంపి, జవాబు కోసం చూస్తున్నారు. మిగతావన్నీ ఎట్లా కోశారో అట్లాగే, వెనక నంబరు రాసి ఉన్నాయి. ముక్కలుగా కోసింది, ఒంటి మీద నంబరు లేనిది అదొక్కటే. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగిన రభస అంతా దీనివల్లే.

ప్రతి ఏడు మే నెలలో తిరుపతయ్య తన నమూనాలకు ఎండ చూపిస్తాడు. కందిపప్పుకు, మిరపకాయలకు చూపించినట్టే. అది ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్లమ్మ విత్తనాలు దాచిన పద్ధతి. ఆ ఏడు పన్నెండు పొట్లాలు ఇంటికి తెచ్చి, ఒక ఆదివారం పొద్దున మిద్దె మీద పాత చీర పరిచి, ఒక్కోదాన్నీ దాని చీటీ మీద పెట్టి, చీటీ ఎగిరిపోకుండా పక్కన గులకరాయి పెట్టాడు. అదే మిద్దె మీద రెండు గజాల అవతల ఇంకో పాత చీర మీద ఈదమ్మ మామిడి ఒరుగులు ఎండుతున్నాయి. పచ్చి మామిడికాయ పొడుగాటి చెక్కలకు ఉప్పు రాసి నాలుగు రోజులు ఎండబెడితే బెల్లం రంగుకు తిరుగుతాయి. ఏడాది పొడుగునా పప్పులో వేసుకోవచ్చు.

మధ్యాహ్నం ఆయన కటింగు చేయించుకోవడానికి బజారుకు పోయాడు. సగం తల అయ్యేసరికి మబ్బు కమ్మింది. ఇంటి దగ్గర ఈదమ్మ, సెలవులకు పుట్టింటికి వచ్చిన కూతురు సింధూజ మిద్దెక్కి, చేతికందింది అందినట్టు రెండు చీరలూ మూట కట్టి కిందికి లాక్కొచ్చారు. వాన మొదలైంది, కరెంటు పోయింది. గడప దగ్గర వెలుతురులో కూర్చుని ఈదమ్మే అన్నీ వేరు చేసింది. గుండ్రంగా, అట్టలాగా, డెక్కలాగా ఉన్నవి మొగునివి, వెనక నంబరు చూసి దేని చీటీ దానికి చేర్చింది. పొడుగు ముక్కలన్నీ తనవి. రెండువందల పన్నెండు అని రాసిన చీటీ ఒకటి ఒంటరిగా మిగిలింది. దీని సామాను ఇదేనేమో, ఉత్త కాగితం అనుకుని ఆమె దాన్ని జాగ్రత్తగా పొట్లంలో పెట్టి మడిచింది. సగం తలతో తడుస్తూ వచ్చిన తిరుపతయ్య పొట్లాలు లెక్కపెట్టాడు. పన్నెండు. సరిపోయినయ్ అనుకుని రిజిస్టరులో టిక్కు పెట్టాడు. పందొమ్మిదేళ్లలో మొదటిసారి పొట్లాలు లెక్కపెట్టాడే తప్ప లోపల చూడలేదు.

సోమవారం పొద్దున సింధూజ గద్వాలకు, అత్తగారింటికి పోయింది. పెళ్లై రెండేళ్లయింది. ఈదమ్మ వియ్యపురాలికని ఒక స్టీలు డబ్బా నిండా ఒరుగులు పెట్టి పంపింది. మంగళవారం ఇంట్లో ఒరుగుల పప్పు చేసుకున్నారు. తిరుపతయ్యకు ఒక ముక్క ఎంతకూ నలగలేదు. టీవీ చూస్తూ చాలాసేపు నమిలి, ఈసారి కాయ జర ముదురుది తెచ్చినట్టున్నవ్ అని కంచం పక్కన పెట్టాడు. ఈదమ్మ, నీ పళ్లు ముదిరినయ్ అంది.

బుధవారం రాధ మేడం ఫోను చేసింది. బెంగుళూరు నుంచి జవాబు వచ్చిందట. రెండువందల పన్నెండు మన వైపు ఇంతవరకు ఎవరూ రాయని రకం కావచ్చునట. సగం ముక్కలు పంపితే మైక్రోస్కోపు కింద చూసి తేలుస్తాడట. సోమవారం పార్శిలు చెయ్యాలి. తిరుపతయ్య ఆ సంతోషంలో పొట్లం విప్పాడు. చీటీ కనిపించింది. తిప్పి చూశాడు. చీటీ వెనక కూడా చీటీయే ఉంది.

ఏం జరిగిందో అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. వంటింట్లో ఒరుగుల జాడీ పళ్లెంలో ఒంపుకుని ఒక్కో ముక్కా వెలుతురుకు పెట్టి చూశాడు. రెండు దొరికాయి. అడుగున జల్లెడ కనిపించగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత మంగళవారం పప్పు గుర్తొచ్చింది, అప్పుడు తిరిగిన నీళ్లు వేరు. మొత్తం మూడు లెక్క తేలాయి. మిగిలిన ఆరు గద్వాలలో ఉండాలి, ఇప్పటికి వండకపోయి ఉంటే. మల్లయ్యకు ఫోను చేసి మొద్దు ఉందా అని అడిగాడు. ఇంకేం మొద్దు, ఉగాదికే ఇటుకబట్టీకి పోయిందని చెప్పాడతను.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. బిడ్డనిచ్చిన ఇంటికి పంపింది వెనక్కి అడగడమంటే మాటలా? ఆకులో వడ్డించింది ఎత్తుకున్నట్టు ఉంటుంది. అందులోనూ మీకు పంపింది మామిడి ఒరుగులు కావు, కుక్కగొడుగులు అని చెప్పి అడగడం. ఈదమ్మ నడుముకు కొంగు చుట్టి వంటింటి గడపలో నిలబడింది.

"నువ్వు మా వదినె ముంగట కుక్కగొడుగులని నోరు తెరిస్తివా, నేను మళ్ల ఆ గడప తొక్క. ఉప్పు తక్కువైంది, బూజు పడ్తదని చెప్పు. ఈ డబ్బా ఇచ్చి ఆ డబ్బా తీసుకరా. గంతే."

ఆమె కొత్తగా నింపి ఇచ్చిన డబ్బా, అరకిలో బూందీ లడ్లు పట్టుకుని గురువారం పొద్దున తిరుపతయ్య గద్వాల బస్సెక్కాడు. పెబ్బేరు దాటి, బీచుపల్లి వంతెన దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు ఆగేదాకా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఉప్పు తక్కువైంది చెల్లె, బూజు పడ్తది. ఉప్పు తక్కువైంది. పక్క సీటాయన రెండుసార్లు ఇటు తిరిగి చూసి, ఏదో మంత్రం అనుకుని ఊరుకున్నాడు.

వియ్యంకుడు నాగప్పది గద్వాల ఊరి చివర ఇల్లు, వెనకనే నాలుగెకరాల చేను. విత్తనాల పత్తి వేస్తారు. ఆయన భార్య ఇందిరమ్మ పుట్టిల్లు రాయచూరు వైపు. మామూలుగా తిరుపతయ్య కనిపిస్తే బర్రి బీగరే, రండి వియ్యంకుడుగారూ అని తమ ఊరి కన్నడంలో వాకిట్లోనే ఆటపట్టిస్తుంది. ఆ రోజు ఆ మాట లేదు. అంతా బాగేనా అన్న అని నీళ్లచెంబు ఇచ్చి లోపలికి పోయింది. సింధూజ ముఖం కూడా అదోలా ఉంది. అల్లుడు భానుప్రకాశ్ ఎరువుల దుకాణానికి పోయాడు. నాగప్ప ఒక్కడే ఎప్పటిలాగా వాన గురించి మాట్లాడుతున్నాడు.

భోజనంలో టమాట పప్పు పెట్టారు. తిరుపతయ్య పప్పులో ప్రతి ముక్కనూ వేలితో నొక్కి చూసి గానీ నోట్లో పెట్టుకోలేదు. ఇందిరమ్మ అది గమనించింది. వెంట్రుక వచ్చిందనుకుని ఆమె ముఖం ఇంకా చిన్నబోయింది.

చేతులు కడుక్కున్నాక ఆయన దారి పొడుగునా నేర్చుకున్న పాఠం అప్పజెప్పాడు. ఇందిరమ్మ డబ్బా తెచ్చి ముందు పెట్టింది. తిరుపతయ్య దాన్ని సంచిలో పెట్టుకోకుండా, నలుగురూ చూస్తుండగానే మూత తీసి, కండువా మీద ఒంపి వెతకడం మొదలుపెట్టాడు. ఇచ్చిన ఒరుగులు లెక్కపెట్టి తీసుకునే వియ్యంకుణ్ణి నాగప్ప తన జన్మలో చూడలేదు. అన్నీ మామిడివే. ఒక్కదానికి కూడా జల్లెడ లేదు.

ఇవేనా, ఇంకేమన్నా ఉన్నయా అని మెల్లగా అడిగాడు.

అప్పుడు ఇందిరమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. విషయం ఆమె నెమ్మదిగానే చెప్పింది. సోమవారం సింధూజ వచ్చిన రోజే ఒరుగుల పప్పు చేసింది. ఒక ముక్క ఎన్ని విజిళ్లు వచ్చినా ఉడకలేదు. పత్తిపూలకు చేత్తో క్రాసింగు చేసీ చేసీ ఆమె వేళ్లకు కళ్లుంటాయి. డబ్బాలో చెయ్యి పెట్టి తడిమితే ఐదు ముక్కలు వేరుగా తగిలాయి. ఉప్పు లేదు, జిగట లేదు, దూదంత తేలిక. తీసి పక్కన పెట్టింది. ఆ సాయంత్రమే ఈదమ్మ ఫోను చేసి, వదినె, మా సింధూజకు ఆ ఒరుగులు బాగ పెట్టు, కడుపుకు మంచిది అని చెప్పింది. ఈదమ్మ చెప్పింది అజీర్తి గురించి. ఇందిరమ్మకు తోచింది ఇంకోటి. పెళ్లై రెండేళ్లయింది, ఇంకా పిల్లలు లేరు. ఇది ఏ నల్లమల మందో, చెట్టు బెరడో. వియ్యపురాలు నేరుగా ఇవ్వకుండా ఒరుగుల్లో కలిపి పంపింది.

"మందైతే మందని చెప్పాలె గద అన్న," అంది ఇందిరమ్మ. "గిట్ల సాటుంగ పంపుడేంది? మేం ఆ పిల్లను ఎన్నడన్న ఒక్క మాట అన్నమా?"

మూడు రోజులుగా ఆమె దీన్నే లోపల తిప్పుకుంటున్నది. కోడలిని అడగలేదు. కోడలేమో అత్తమ్మ ఎందుకు ముభావంగా ఉందో తెలియక, తనేం తప్పు చేశానో అని పరేషాన్ అవుతున్నది.

తిరుపతయ్యకు ఒక్క క్షణం దారి చాలా సులువుగా కనిపించింది. అవును చెల్లె, మందే, పొరపాటున వేరే మందు వచ్చింది, అది తిరిగియ్యి అంటే సరిపోతుంది. ఐదు ముక్కలూ చేతికొస్తాయి. ఈదమ్మ పరువు నిలుస్తుంది. రిజిస్టరు నిలుస్తుంది. నోరు తెరిచాడు కూడా. తలుపు పక్కన సింధూజ నిలబడి ఉంది. తల వంచుకుని కొంగు అంచును వేలికి చుట్టుకుంటున్నది. చిన్నప్పుడు మార్కులు తక్కువొచ్చిన రోజు గౌను అంచును అట్లాగే చుట్టుకునేది. ఆ మాట అంటే అది ఈ ఇంట్లో ఎన్నేళ్లు బిడ్డను వెంటాడుతుందో ఆయనకు అర్థమైంది.

"మందు కాదు చెల్లె," అన్నాడు. "అవి కుక్కగొడుగులు. లింగాల కాడ నల్లమద్ది మొద్దుకు పుట్టినయ్. నా బీరువల రెండువందల పన్నెండో నంబరు."

తర్వాత మిద్దె, వాన, మూట, ఉత్త చీటీ, బెంగుళూరు, ఇటుకబట్టీ అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఈదమ్మ నేర్పిన ఉప్పు సంగతి కూడా దాచలేదు. చెప్పడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియలేదు.

ముందుగా నోరు విప్పింది నాగప్ప.

"అంటే బావా, సోమవారం నేను నమిలింది..."

"అదొక ముక్క."

"అర్ధగంట నమిలిన."

"నేను గూడ నమిలిన బావా, మంగళవారం. టీవీ ముంగట కూసోని."

నాగప్పకు నవ్వు కడుపులోంచి వచ్చింది. మంచం పట్టె పట్టుకుని వంగిపోయాడు. నవ్వుతూనే ఏమన్న అయితదా బావా, దవాఖానకు పోవాల్నా అని అడిగాడు. తనకు మూడో రోజు నడుస్తున్నదని, ఏం కాలేదని, అయ్యేదుంటే నీకే ముందు కావాలని తిరుపతయ్య ధైర్యం చెప్పాడు. ఇందిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు దాగలేదు.

అందరి నవ్వూ కాస్త తగ్గాక సింధూజ అత్త పక్కన వచ్చి కూర్చుంది. తన బీఎడ్ పరీక్షలు అయ్యేదాకా ఆగుదామని తామిద్దరే అనుకున్నామని, ఆ సంగతి ఆయన మీకు చెబుతానన్నాడని, చెప్పలేదా అని అడిగింది.

"వాడేం చెప్తడు," అంది ఇందిరమ్మ. "ఇంట్ల ఉప్పు అయిపోతె గూడ చెప్పడు. చదువుకో తల్లీ. నన్ను అడిగేటోళ్లకు నేను చెప్పుకుంట."

ఆమె లేచి లోపలి గదిలోకి పోయి ఒక చిన్న గుడ్డసంచి తెచ్చింది. విత్తనాలు దాచే సంచి. లోపల ఎండు వేపాకు పరిచి, ఐదు ముక్కలనూ ఒకదానికొకటి తగలకుండా కాగితం మడతల్లో పెట్టింది. మనసుకు నచ్చకపోయినా, వేరే ఇంటి నుంచి వచ్చిన వస్తువని భద్రంగానే దాచింది. తిరుపతయ్య ఒక్కో ముక్కా తిప్పి చూసుకున్నాడు. అంచు పసుపు కూడా రాలలేదు. తన బీరువాలో కూడా ఇంత శుభ్రంగా ఉండవని మనసులోనే ఒప్పుకున్నాడు. ఇందిరమ్మ ఆయన భుజం మీదుగా వంగి, ఆ రంధ్రాలెందుకని అడిగింది. విత్తనమే, పుప్పొడి లెక్క సన్నగ రాల్తది అని చెబితే, ఒక ముక్కను గోటితో తట్టి చూసింది. ఏమీ రాలలేదు. ముసల్ది అని తీర్పు చెప్పి ఇచ్చేసింది. ఆయన పోయేటప్పుడు, ఈదమ్మ నింపి పంపిన కొత్త డబ్బాలో కూడా ఒకసారి చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమి, అన్నీ మామిడివే అని నిర్ధారించుకున్నాకే లోపల పెట్టింది.

గద్వాల నుంచి వనపర్తికి బస్సు కంటే ఫోను ముందు చేరుతుంది. తిరుపతయ్య ఇంట్లో అడుగుపెట్టేసరికి ఇద్దరు వియ్యపురాళ్లూ మాట్లాడుకోవడం అయిపోయి, మళ్లీ మొదలై, మళ్లీ అయిపోయింది. అంతసేపు వాళ్లు పెళ్లి మాటలప్పుడు కూడా మాట్లాడుకోలేదు. ఈదమ్మ మొగునితో మాత్రం మాట్లాడలేదు. రెండు రోజులు గిన్నెలే మాట్లాడాయి. మూడో రోజు అన్నం ముందు పెట్టి, కూర ఏ నంబరుది కావాలె అని అడిగింది. కోపం పోయిందని ఆయనకు అర్థమైంది.

అయినా ఆ మూడు రోజులూ ఆయనకు మనసు మనసులో లేదు. గద్వాలవి ఐదు, ఇంటివి రెండు. ఏడు. రిజిస్టరులో తొమ్మిది అని తన చేత్తోనే రాసి ఉంది. ఒక ముక్క పెద్దది, దాన్ని అడ్డంగా రెండు దెబ్బలు వేస్తే మూడవుతాయి, లెక్క తొమ్మిది అవుతుంది. ఎవరికీ తెలియదు. ఆదివారం మధ్యాహ్నం కత్తి కూడా తీశాడు. ముక్కను చెక్క మీద పెట్టి చాలాసేపు చూశాడు. కోసిన కొత్త అంచు, కిందటి ఆగస్టు అంచు ఒకే రంగులో ఉండవు. ఆ తేడా బెంగుళూరాయన పట్టుకోకపోవచ్చు. రేపు రిజిస్టరు పట్టుకుని బీరువా తెరిచే కొత్త అటెండరు అస్సలు పట్టుకోడు, రాసింది నమ్ముతాడు. తిరుపతయ్య కత్తి తీసుకుపోయి వంటింట్లో పెట్టేశాడు.

సోమవారం పొద్దున ల్యాబులో రాధ మేడం ముందు రిజిస్టరు తెరిచి, తొమ్మిదిని ఒక గీతతో కొట్టేసి, పక్కన ఏడు అని రాశాడు. కింద రిమార్కుల గడిలో ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. జరిగింది మేడంకు చెప్పాడు. ఆమె మొదట నవ్వలేదు. ముక్కలన్నీ ట్రేలో పరిచి భూతద్దంతో ఒక్కోదాన్నీ చూసింది. పనికొస్తాయంది. నాలుగు బెంగుళూరుకు, మూడు మనకు అని వేరు చేసింది. పొట్లాలు విప్పి చూడకుండా టిక్కు పెట్టారా అని మాత్రం అడిగింది. అవునన్నాడు. ఆయనకు ఆ ఒక్క ప్రశ్నే చాలా ఎక్కువ అనిపించింది.

తర్వాత ఆమెకు కూడా నవ్వు ఆగలేదు. రిమార్కుల గడిలో ఏం రాయాలి మేడం అంటే, జరిగింది రాయండి, పందొమ్మిదేళ్లుగా అదే కదా రాస్తున్నారు అంది. ఆయన గుండ్రటి అక్షరాలతో రాశాడు: "తొమ్మిది ముక్కలలో రెండు పప్పులో వండబడినవి. ఒకటి వనపర్తి, ఒకటి గద్వాల. ఉడకలేదు. మిగిలినవి ఏడు, బాగున్నవి." కింద తేదీ వేసి సంతకం పెట్టాడు. మొత్తం రిజిస్టరులో కొట్టివేత ఉన్న పుట అదొక్కటే. అన్నీ సరిపోయినయ్ అనే మాట ఇక రాయించుకోలేడు. ఒకటి తప్ప అని రాయించుకోవాలి. ఆ మాటను నోట్లో రెండుమూడుసార్లు తిప్పి చూసుకున్నాడు. బాగానే ఉందనిపించింది.

నాలుగు ముక్కలూ దూదిలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, మేడం రాసిన అడ్రసు అంటించి తపాలా ఆఫీసుకు పట్టుకుపోయాడు. పార్శిలు కిటికీ దగ్గర కొత్తగా వచ్చిన అమ్మాయి పెట్టెను తూకం వేసింది. ఇంత పెద్ద పెట్టెకు ఇంత తక్కువ బరువేంటని ఒకసారి ఊపి చూసింది. లోపల ఏముంది అని అడిగింది. నమూనాలు అన్నాడు.

"నమూనాలంటే? తినేటివా?"

వెనక వరుసలో ఉన్న ఇద్దరు కూడా జవాబు కోసం చూస్తున్నట్టనిపించింది తిరుపతయ్యకు.

"కాదమ్మా," అన్నాడు. "అస్సలు కాదు. కావాల్నంటే పెట్టె మీద గూడ రాయి."

ఆమె రాసింది.